ఆ కట్టు ఊడలేదు

కట్టు ఊడలేదు. ఈ రెండు మాటలు చెప్పడానికి నాకు నాలుగేళ్లు పట్టింది. మొదట్లోనే చెప్పి ఉంటే అరనిమిషం పని. అప్పుడు చెప్పలేదు కాబట్టి ఇప్పుడింత రాయాల్సి వస్తోంది.

నేను అబద్ధం ఆడానని అనను. ఆవిరి కక్కుతున్న కారు ముందు నిలబడి, ఆ క్షణాన నాకు తోచింది చెప్పాను. అది నిజం కాదని మర్నాడే తెలిసింది. తెలిశాక నోరు మూసుకున్నాను. నా తప్పు అక్కడుంది.

కృష్ణపట్నం దగ్గర ఒక థర్మల్ ప్లాంటుకు బండ్లు తిప్పే కాంట్రాక్టరు దగ్గర నేను సూపర్‌వైజర్ని. బస్సులు, జీపులు, కార్లు పొద్దున్నే షెడ్డు దాటే ముందు వాటి బానెట్లు ఎత్తించి చూడటం నా పని. రేడియేటర్‌కీ ఇంజనుకీ మధ్య రెండు రబ్బరు పైపులుంటాయి. పై పైపు ఇంజనులో కాగిన నీళ్లను రేడియేటర్‌లోకి తెస్తుంది. కింది పైపు చల్లారిన నీళ్లను మళ్లీ ఇంజనుకు పంపుతుంది. ఇంజను చల్లగా ఉన్నప్పుడు ఆ రెంటినీ వేళ్లతో నొక్కాలి. బాగున్న పైపు కాస్త లొంగి మళ్లీ లేస్తుంది. ఉడికిన వంకాయలా మెత్తబడినా, నొక్కితే అప్పడంలా పెళపెళలాడినా దాని రోజులు అయిపోయినట్టే. క్లిప్పు బిగించిన చోట ఉబ్బు ఉందా, తెల్లటి ఉప్పు పేరుకుందా అన్నది చూడాలి. ఇవన్నీ నేను డ్రైవర్లకు ఎన్నిసార్లు చెప్పానో లెక్కలేదు.

మా వైపు బోరు నీళ్లలో ఉప్పు ఎక్కువ. ఒక పళ్లెంలో పోసి ఎండలో పెడితే సాయంత్రానికి అడుగున తెల్లటి పొర మిగులుతుంది. తాగడానికి ఇంటింటా క్యాన్లు తెప్పించుకుంటాం. ఆ బోరు నీళ్లు రేడియేటర్‌లో పోస్తే లోపలి ఇనుమునీ బయటి క్లిప్పునీ తినేస్తాయి. అందుకని షెడ్డు గోడ మీద ఎర్ర రంగుతో రాయించాను: ‘రేడియేటర్‌లో బోరు నీళ్లు పోయరాదు.’ ఆ అక్షరాలు ఇప్పటికీ ఉన్నాయి.

నా సొంత కారు పాతది. ఒక ఆదివారం చర్చిలో ఆరాధన ముగించుకుని నేనూ నా భార్యా ఆమె అక్క ఇంటికి భోజనానికి వెళ్తున్నాం. కృష్ణపట్నం చేరకముందే బానెట్ సందుల్లోంచి ఆవిరి లేచింది. కారు పక్కకు తీసి ఆపాను. రోడ్డుకు కొంచెం లోపలగా ఒక మత్స్యకారుల పాళెం ఉంది. సరుగుడు చెట్ల నీడలో అయిదారుగురు వలలు బాగుచేసుకుంటున్నారు. వాళ్లలోంచి ఒకాయన లేచి వచ్చాడు. నాకంటే పదేళ్లు పెద్ద ఉంటాడు. చెవి వెనక పెన్సిలు పెట్టుకున్నట్టు వల అల్లే చెక్క సూది పెట్టుకుని ఉన్నాడు.

నేను గుడ్డ తీసుకుని రేడియేటర్ మూత మీద చెయ్యి వేయబోయాను.

“మూత జోలికి పోబాకండి సార్. మొహం ఉడికిపోద్ది” అన్నాడాయన.

ఆ మాట రోజూ డ్రైవర్లకు చెప్పేవాణ్ణి నేనే. చెయ్యి వెనక్కి తీసుకున్నాను. నేను అటూ ఇటూ తిరుగుతుంటే నా భార్య కారులోంచే అంది: “పొద్దున గంటసేపు ఓర్పు మీదే ప్రసంగం చెప్పినారు అయ్యగారు. ఈయన చెవిలో పడలేదు.”

ఆయన నవ్వాడు. ఇంజను చల్లారాక వంగి చూశాడు. పై పైపు ఇంజను వైపు చివర వేలెడంత చీలింది.

“మీకు కార్లు తెలుసా అన్నా?” అని అడిగాను.

“కార్లు తెలీవు. పైపులు తెలుసు. బోటు ఇంజనుకు గూడా పైపే గదా.”

పాత సైకిల్ ట్యూబు తెప్పించి దాన్ని పొడుగ్గా, రెండు వేళ్ల వెడల్పున కోశాడు. చీలిక మీద సాగదీసి, ఒక చుట్టు మీద సగం ఇంకో చుట్టు పడేలా చుట్టాడు. దాని మీద వలకు వాడే ఆకుపచ్చ నైలాను దారం. ప్రతి నాలుగు చుట్లకూ చెక్క సూదిని దారంలో దూర్చి మెలి తిప్పి బిగించాడు. చివరి ముడి పంటితో లాగి వేశాడు. చెట్ల కింద నుంచి ఇంకొకాయన వచ్చి ఇదంతా చూస్తున్నాడు.

“సార్, ఇంక మీ కారు పాడైనా ఆ ముడి పాడు గాదు. మా బావ ముడి ఇప్పేదానికి లేదు, కొయ్యాల్సిందే. మా పాళెంలో కొత్త వల కట్టేటప్పుడు తొలి ముడి ఈయన చేత్తోనే పడాల. తెలుసా?” అన్నాడు.

“ఊరుకో బా. సార్‌కు ఇప్పుడు వల పనా” అని ఆయన కసిరాడు. కానీ మొహంలో సంతోషం దాగలేదు.

తర్వాత ఇంటి నుంచి క్యాను మోసుకొచ్చి రేడియేటర్ నింపాడు. అవి వాళ్లు తాగే నీళ్లు. బోరు పంపు పక్కనే ఉంది కదా అన్నాను. “అవి బట్టలకే సార్” అన్నాడు.

బయల్దేరే ముందు నాకు మూడు మాటలు చెప్పాడు. మూతను మొదటి గాటు వరకే తిప్పాలి, పూర్తిగా బిగిస్తే ఆవిరి ఒత్తిడికి చీలిక పెద్దదవుతుంది. కింది పైపు కూడా మెత్తబడింది, చూపించుకోవాలి. “ఈ కట్టు ఇల్లు చేరేదానికే సార్. రేపు రెండు పైపులూ కొత్తవి వేసుకోండి.”

అలాగే అన్నాను. వేసుకోలేదు.

మర్నాడు షెడ్డులో పని. ఆ మర్నాడూ పనే. వారం గడిచేసరికి కట్టు ఉన్నచోటే చెక్కుచెదరకుండా ఉంది. ఇంకేం తొందర అనిపించింది. పైగా బానెట్ ఎత్తి డ్రైవర్లకు చూపించేవాణ్ణి. “సార్ కారుకు సముద్రం గ్యారంటీ” అని వాళ్లు నవ్వేవాళ్లు. మూత వదులుగా ఉండటంతో రోజూ కొన్ని నీళ్లు ఆవిరైపోయేవి. పొద్దున్నే కారు తీసే హడావిడిలో క్యాను వంచే ఓపిక ఉండేది కాదు. బాత్రూం కుళాయి కింద మగ్గు పెట్టి, ఆ నీళ్లే తెచ్చి పోసేవాణ్ణి. గోడ మీద ఎర్ర అక్షరాలు రాయించిందీ నేనే, ఇంట్లో బోరు నీళ్లు మగ్గులతో పోసిందీ నేనే. అయిదు నెలలు అలా గడిచాయి.

ఈలోగా ఆ పాళెంతో పరిచయం పెరిగింది. డ్యూటీ నుంచి వస్తూ ఆగి చేపలు తీసుకునేవాణ్ణి. కట్టు కట్టినాయన పనిచేసే బోటు ఓనరు కూడా తెలిశాడు. ఒకరోజు ఆ ఓనరు, వాళ్లమ్మకు నెల్లూరులో కంటి ఆపరేషన్ ఉందని, ఫలానా రోజు పొద్దున తొమ్మిదికల్లా ఆస్పత్రిలో ఉండాలని చెప్పాడు. నా కారులో తీసుకెళ్తానన్నాను. ఎవరూ అడగలేదు, నా అంతట నేనే అన్నాను.

ఆ రోజు ఓనర్నీ వాళ్లమ్మనీ ఎక్కించుకుని బయల్దేరాను. వెంకటాచలం ఊరు ఇంకా రాలేదు, హీట్ ముల్లు పైకి లేచింది. ఆపే లోపే పైకంటా పోయింది. బానెట్ ఎత్తితే ఆవిరి తప్ప ఏమీ కనబడలేదు. కారు కింద నుంచి నీళ్లు రోడ్డు మీద కాలవలా పారాయి. పెద్దామె పొద్దుటి నుంచీ ఏమీ తినలేదు, ఆపరేషన్ అని. రోడ్డు పక్క ఒక హోర్డింగు నీడలో చెంగు తల మీద కప్పుకుని కూర్చుంది. ఆటో దొరికేసరికి చాలా ఆలస్యమైంది. ఆ రోజు ఆస్పత్రిలో ఆమె వంతు దాటిపోయింది. మరో మూడు వారాల తర్వాత రమ్మన్నారు.

ఆటో కోసం ఎదురుచూస్తుండగా ఓనరు నా వైపు తిరిగి అన్నాడు: “బండ్ల సూపర్‌వైజరు బండి గదా అని నమ్మి ఎక్కినాం సార్.”

గట్టిగా కూడా అనలేదు. ఆ మాట నాకు తగిలింది. పలచబడుతున్న ఆవిరి మధ్యలో ఆకుపచ్చ దారం కనబడుతోంది. వేలు చూపించాను.

“మీ మనిషి కట్టిన కట్టే. అది ఊడినట్టుంది.”

ఓనరు వంగి దాన్ని చూశాడు. “వాడు కట్టిందా?” అన్నాడు. నేను తలూపాను.

కారును తాడు కట్టి లాగించి వెంకటాచలంలో మెకానిక్ షెడ్డుకు చేర్చాను. మర్నాడు పొద్దున వెళ్తే మెకానిక్ నన్ను కారు కిందికి వంగమన్నాడు.

“పైన కట్టు భేషుగ్గా ఉండాది సార్. చుక్క కారలేదు. కింద క్లిప్పు చూడండి.”

కింది పైపు క్లిప్పు తుప్పు పట్టి తెగిపోయింది. పైపు గొట్టం మీద నుంచి జారి వేలాడుతోంది. ఆ గొట్టం చుట్టూ ఉప్పు, అట్టలు కట్టి ఉంది.

“ఏం నీళ్లు పోస్తుండారు సార్ దీన్లో? సముద్రం నీళ్లా?” అన్నాడు.

పై పైపు తీయడానికి కట్టు విప్పబోయాడు. స్క్రూ డ్రైవర్‌తో పొడిచాడు, పట్టకారుతో లాగాడు. చివరికి కట్టుకు అటూ ఇటూ బ్లేడుతో పైపునే కోశాడు. జానెడు ముక్క, మధ్యలో ఆకుపచ్చ కట్టు. “ఎవరో గాని మంచి చెయ్యి” అని నా చేతికిచ్చాడు. నేను దాన్ని డిక్కీలో, స్టెప్నీ చక్రం కింద పెట్టాను.

ఆ రోజే పాళెం వెళ్లి చెప్పాల్సింది. చెబితే, అయితే ఏం తెగింది అని అడుగుతారు. క్లిప్పు అంటాను. ఎందుకు తెగింది అంటారు. ఆ జవాబు షెడ్డు దాకా వస్తుంది. నేను మందలించిన డ్రైవర్లంతా గోడ మీది అక్షరాలు చూసి నవ్వుతారు. అంతకు మించి నాకు వేరే కారణం లేదు. ఇంత చిన్న సిగ్గు కోసం నాలుగేళ్లు ఆగానని ఇప్పుడు రాస్తుంటే నాకే వింతగా ఉంది.

వేట నిషేధం నెలల్లో బోట్లు ఒడ్డునే ఉంటాయి, కొత్త వలలు సిద్ధమవుతాయి. ఆ వేసవిలో రోడ్డు మీది టీ కొట్టు దగ్గర ఆ రోజు ‘మా బావ ముడి’ అంటూ పొగిడిన మనిషి కలిశాడు. కట్టు కట్టినాయన ఎలా ఉన్నాడని అడిగాను.

“ఉండాడు సార్. కొత్త వల కట్టినాం. తొలి ముడి ఆయన వెయ్యలా.”

“ఏం?”

“మీ కారు కతే సార్. వల పరిచినాం, టెంకాయ కొట్టినాం, ఈయన తాడు పట్టుకున్నాడు. ఓనరు నవ్వులాటకే అన్నాడు, ‘ఒరే, కారుకు కట్టినట్టు కట్టేవు’ అని. అందరం నవ్వినాం. నేను గూడా నవ్వినా. ఈయన తాడు కింద పెట్టి లేచి పోయినాడు. ఇంకొకడు వేసినాడు ముడి.” టీ గ్లాసు కడిగి పెడుతూ ఇంకో మాట అన్నాడు: “ఇప్పుడు వేటకు వస్తాడు గాని ముడి ముట్టుకోడు. వెయ్యమంటే, నా ముళ్లు ఊడిపోతయ్యిలే అంటాడు.”

టీ తాగి వచ్చేశాను. ఆ తర్వాత ఆ పాళెం దగ్గర ఆగలేదు. డ్యూటీకి పోతూ వస్తూ కారు అద్దాలు ఎత్తుకునేవాణ్ణి.

కారు విషయంలో మాత్రం బుద్ధి తెచ్చుకున్నాను. ఏడాదికోసారి పైపులు నేనే మారుస్తాను. పాత నీళ్లు కింద మర తిప్పి తీసేయాలి. పైపు రాకపోతే బలంగా లాగకూడదు, రేడియేటర్ గొట్టం విరుగుతుంది. బ్లేడుతో నిలువుగా కోసి ఒలిచేయాలి. గొట్టాన్ని గరుకు కాగితంతో రుద్ది ఉప్పంతా పోగొట్టాలి. పైపు ఎక్కడానికి నూనె రాయకూడదు, రబ్బరు ఉబ్బుతుంది. సబ్బు నీళ్లు చాలు. క్లిప్పు ముందే పైపుకు తొడగాలి. ఈ మాట నవ్వులాటగా ఉంటుంది గాని, అది మరిచిపోయి పైపంతా ఎక్కించి మళ్లీ ఊడదీసినవాళ్లలో నేనూ ఉన్నాను. కూలెంట్ పోసి, మూత తీసే ఉంచి, గాలి బుడగలు పోయేదాకా ఇంజను నడపాలి. మర్నాడు క్లిప్పులు ఇంకో అరతిప్పు బిగించాలి. ఈ పని చేసిన ప్రతిసారీ డిక్కీలో సామాన్లు తీయాల్సి వచ్చేది. ప్రతిసారీ ఆ ముక్క కంటబడేది. పారేయలేకపోయాను, బయటికీ తీయలేకపోయాను.

ఈ ఏడాది ఎండలు ముదిరిన రోజుల్లో మా షెడ్డు జీపు ఒకటి వేడెక్కి ఆగిపోయింది. రేడియేటర్‌లో ఉప్పు. ఆ జీపును ఇద్దరు డ్రైవర్లు వంతులవారీగా నడుపుతారు. నేను మెమో కాగితం ముందు పెట్టుకుని మొదటివాణ్ణి పిలిచాను. నేను నోరు తెరవకముందే అతను అన్నాడు:

“నేనే సార్. క్యాను అయిపోయింది, టైమైపోతుండాదని బోరు నీళ్లు పోసినా. ఒక్కరోజు గాదు, వారం నుంచి.”

“ఎవరూ చూడలేదు గదా. ఎందుకు చెప్పినావు?”

“మీరు రెండోవాణ్ణి అడుగుతారు గదా సార్. వాడికి ఏం తెలుసు? నోరు లేనోడు. వాడి మీద పడుద్ది.”

అంతే చెప్పి, తిట్ల కోసం నిలబడ్డాడు. నేను తిట్టలేదు. పొమ్మన్నాను. మెమో కాగితం మీద తేదీ మాత్రం వేసి ఉంది. కింద ఏమీ రాయలేకపోయాను.

ఇంటికొచ్చి నా భార్యకు మొత్తం చెప్పాను. బియ్యం ఏరుతూ విన్నది.

“ఆ పైపు ముక్క డిక్కీలో చూసినప్పుడల్లా అడగాలనుకున్నా. పోయినోళ్ల గుర్తు దాచుకున్నట్టు దాచినారే అని” అంది. చేట పక్కన పెట్టి, “వాళ్లు తాగే నీళ్లు పోసినారు మన కారుకు. ఆదివారం తీసుకొని పోండి” అంది.

ఆదివారం ఆరాధన అయ్యాక నేనొక్కణ్ణే వెళ్లాను. కట్టు కట్టినాయన తన ఇంటి అరుగు మీద కూర్చుని చెప్పుల పట్టీ కుట్టుకుంటున్నాడు. నన్ను చూసి లేవలేదు, పొమ్మననూ లేదు. పైపు ముక్క ఆయన పక్కన పెట్టాను. చెప్పు పక్కన పెట్టి దాన్ని చేతిలోకి తీసుకున్నాడు. ముడి కింద గోరు దూర్చబోయాడు. గోరు దిగలేదు.

“ఆ రోజు తెగింది కింది క్లిప్పు అన్నా. మీ కట్టు కాదు. నాకు మర్నాడే తెలిసింది” అన్నాను.

“నాకు ఆ రోజే తెలుసు సార్.”

“ఎట్టా?”

“నా ముడి నాకు తెలీదా?” ముక్కను అటూ ఇటూ తిప్పి చూశాడు. “ఊడలేదురా అని చెప్పినా. ఏదీ చూపించు అన్నారు. నా కాడ యాడుండాది? మీ కాడుండాది.”

నేను తల వంచుకున్నాను. తప్పయిపోయింది అన్నాను. ఆయన ఆ మాట విననట్టే ఉన్నాడు.

“ఇది నాకు చెప్పేదానికి వచ్చినారా?”

“అవునన్నా.”

“తెలిసినోడికి చెప్పి ఏం చేస్తారు సార్? తెలీనోళ్లు ఆడుండారు.” గడ్డంతో సరుగుడు చెట్ల వైపు చూపించాడు. ముక్క నా చేతిలో పెట్టాడు. “నేను రాను. మీరే పోండి.”

అక్కడి నుంచి చెట్లదాకా వంద అడుగులుంటాయేమో. ఇసుకలో చెప్పులు కూరుకుపోతున్నాయి. నాలుగేళ్ల కిందటి మనుషులే, అదే నీడలో, వలల మీద వంగి ఉన్నారు. ఓనరు ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని ఫోను చూసుకుంటున్నాడు. వాళ్లమ్మ పక్కనే చాప మీద కూర్చుని చింతపండు గింజలు తీస్తోంది. ఆమెకు రెండు కళ్లకూ ఆపరేషన్ అయిందట, నన్ను దూరం నుంచే గుర్తుపట్టింది.

“ఏంది సార్, మళ్లీ కారు ఆగిందా? కట్టేటోళ్లు మా కాడ రిటైరైనారే” అన్నాడు ఒకడు. నవ్వులు లేచాయి.

“ఊరుకోండిరా. కూర్చోండి సార్” అని ఓనరు కుర్చీ జరిపాడు.

నేను కూర్చోలేదు. పైపు ముక్క ఓనరు చేతికిచ్చి, ముడి విప్పి చూడమన్నాను. గోటితో చూశాడు, బండి తాళంచెవితో చూశాడు. పక్కవాడికిచ్చాడు. అది చేతులు మారుతూ పోయింది. టీ కొట్టు దగ్గర కలిసిన మనిషి పంటితో కూడా లాగి చూసి, దారం నోట్లోంచి తీసి ముక్కను ఇసుక మీద పెట్టాడు. నవ్వులు ఆగిపోయాయి. వెనక్కి తిరిగి చూస్తే కట్టు కట్టినాయన అరుగు మీద లేడు. రానన్నవాడు వచ్చి, చివరి చెట్టుకు ఆనుకుని నిలబడి ఉన్నాడు, ఒక కాలికే చెప్పుతో.

వచ్చే కొత్త వలకు తొలి ముడి ఎవరు వేస్తారో నాకు తెలియదు. అది వాళ్లు తేల్చుకోవాల్సిన సంగతి. నేను చెప్పాల్సింది మాత్రం అందరికీ వినబడేలా, ఆయన వైపు తిరిగి చెప్పాను.

“ఆ రోజు మీ కట్టు ఊడలేదన్నా. కింద క్లిప్పు తెగింది. దాన్ని తినేసింది నేను రోజూ పోసిన బోరు నీళ్లు. రెండు పైపులూ మార్చుకోమని మీరు చెప్పినారు, నేను మార్చలేదు. ఈ అమ్మ ఎండలో కూర్చున్నదీ, ఆపరేషన్ తప్పిందీ నా వల్లే. మర్నాడే ఇదంతా తెలిసి కూడా, నా ఉద్యోగానికి నామర్దా అని చెప్పకుండా, ఈ ముక్క నాలుగేళ్లు దాచినాను. మీ చేతి మీద పడిన మాట నాది. నన్ను క్షమించండన్నా.”